ఫ్రీజర్ సెక్షన్‌లో కాలే చేతులు

ఫుడ్ ఫ్యాక్టరీలో దెబ్బలు అనగానే జనానికి ముందు గుర్తొచ్చేవి బ్లేడు తెగడం, తడి ఫ్లోర్ మీద జారి పడడం, స్టీమ్ పైపు తగలడం, వేడి నూనె చిందడం, ఇవే. గోడల మీద సేఫ్టీ బోర్డుల్లో బొమ్మలు కూడా వీటివే ఉంటాయి. చలికి కాలిన చెయ్యి బొమ్మ నాకు ఎక్కడా పెద్దగా కనిపించలేదు. కానీ ఫ్రోజెన్ ప్రొడక్ట్ తీసే ప్లాంట్‌లో ఫ్రీజర్ సెక్షన్‌లో ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళని ఒకసారి గ్లౌజులు తీసి చేతులు చూపించమని అడగండి, వేలి కొసల్లో తోలు గట్టిపడి, అక్కడక్కడా మచ్చలు కట్టి, గోరు పక్కన నొక్కితే "అక్కడ నాకేం తెలీదండీ" అంటారు. ఎప్పట్నించి అంటే గుర్తుండదు. ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్ తిరగేస్తే ఆ చేతుల గురించి ఒక్క లైన్ ఉండదు.

నేను చేసేది ప్రొడక్షన్ వైపు, ఉద్యోగమంతా ఫ్రోజెన్ ప్లాంట్లలోనే గడిచింది, అందుకే ఈ విషయం మీద నాకింత పట్టుదల. ప్రొడక్ట్ మీద మాకుండే జాగ్రత్త మామూలుగా ఉండదు, ఫ్రీజర్ దాటి వచ్చిన లాట్‌కి ప్రోబ్ గుచ్చి లోపల టెంపరేచర్ చూస్తాం, మైనస్ 18 రాలేదంటే లాట్ హోల్డ్, చూసినవాళ్ళ సంతకం, దాని కింద సరిచూసినవాళ్ళ సంతకం. అదే ప్రొడక్ట్‌ని పట్టుకుని ట్రేలోంచి కార్టన్‌లోకి మార్చే చెయ్యి ఎంత చల్లబడిందో మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే, ఆ చెయ్యి కూడా కొలవాల్సిందే. "ఎవరికైనా నొప్పిగా ఉందా" అని షిఫ్ట్ చివర్లో ఒక మాట అడిగేసి వెళ్ళిపోతే సరిపోదు, ఎందుకంటే చలి దెబ్బలో నొప్పిని నమ్ముకుంటే మోసపోతాం.

వేడి తగిలితే ఆలోచించేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. చలి అలా కాదు, మొదట చురుక్కుమంటుంది, తర్వాత జివ్వున లాగుతుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి, ఆ తర్వాత నొప్పి తగ్గిపోతుంది. తగ్గింది కదా అని మనిషి పని కంటిన్యూ చేస్తాడు. నిజానికి అక్కడ తగ్గింది నొప్పి కాదు, నరం పని చెయ్యడం. చర్మం టెంపరేచర్ సుమారు 10 డిగ్రీలకి పడేసరికి స్పర్శ మొద్దుబారిపోతుంది, ఇంకా కిందకి వెళ్ళి సున్నా దాటితే కండలో ఉన్న నీరు గడ్డకట్టడం మొదలవుతుంది. అంటే 10కి, సున్నాకి మధ్య ఉన్న ఆ దూరమంతా మనిషికి ఏమీ తెలియకుండానే గడిచిపోతుంది. అసలు దెబ్బ తగిలే టైముకి హెచ్చరించాల్సినవాడు నిద్రపోయి ఉంటాడు.

ఇంకో సంగతి, కొత్తగా చేరినవాళ్ళకి సీనియర్లు చెప్పే మాట ఒకటుంది, "నాలుగు రోజులు ఓపిక పట్టు, చెయ్యి అలవాటు పడుద్ది" అని. ఆ మాటకి కొంచెం ఆధారం ఉంది కాబట్టే అది అంత గట్టిగా నిలబడింది. చల్లటిదాంట్లో చెయ్యి పెట్టి కొన్ని నిమిషాలు ఉంచితే, ముడుచుకున్న రక్తనాళాలు మధ్యలో కాసేపు తెరుచుకుని వేళ్ళల్లోకి వెచ్చటి రక్తం వస్తుంది, మళ్ళీ ముడుచుకుంటాయి, మళ్ళీ తెరుచుకుంటాయి. థామస్ లూయిస్ అనే బ్రిటిష్ డాక్టరు 1930లోనే దీని గురించి రాశాడు. ఆ వెచ్చదనం వచ్చినప్పుడే మనవాళ్ళు అలవాటైపోయింది అనుకుంటారు. కానీ ఒళ్ళంతా చల్లబడి ఉంటే, తిండి లేకపోతే, సిగరెట్ తాగి వస్తే ఆ తెరుచుకోవడం తగ్గిపోతుంది లేదా ఆగిపోతుంది, ఎందుకంటే శరీరం ముందు గుండెనీ మెదడునీ కాపాడుకుంటుంది, వేళ్ళని తర్వాత చూస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకి, చలికి వేళ్ళు తెల్లగా పాలిపోయే రేనాడ్స్ ఉన్నవాళ్ళకి, ఏళ్ళుగా వైబ్రేషన్ టూల్స్ పట్టుకున్నవాళ్ళకి ముప్పు ఇంకా ఎక్కువ. వీళ్ళని ఫ్రీజర్ డ్యూటీలో వేసేముందు అడిగే ప్లాంట్లు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

దెబ్బ ఎక్కడ తగులుతుంది అంటే నా అనుభవంలో రూమ్ చలికంటే ముట్టుకునే వస్తువు దగ్గరే ఎక్కువ. మైనస్ 20లో ఉన్న థర్మోకోల్ పెట్టె, మైనస్ 20లో ఉన్న స్టీల్ ట్రే ఒకటే చల్లదనం, కానీ స్టీలు చేతిలో వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది, అందుకే ఉత్త చేత్తో పట్టుకుంటే సెకన్లలో పని అయిపోతుంది. చెయ్యి తడిగా ఉంటే ఆ తడి లోహం మీదే గడ్డకట్టి చర్మం అంటుకుపోతుంది, కంగారుగా లాగితే తోలు అక్కడే ఉండిపోతుంది. అలా అంటుకుంటే లాగకూడదు, గోరువెచ్చని నీళ్ళు పొయ్యాలి, దానంతటదే వదులుతుంది. ఈ ఒక్క ముక్క ప్రతి ఫ్రీజర్ తలుపు మీద రాసి పెట్టాలని నా కోరిక.

స్పైరల్ ఫ్రీజర్‌లో, అంటే ప్రొడక్ట్ బెల్టు మీద చుట్టలు చుట్టలుగా తిరుగుతూ గడ్డకట్టే ఫ్రీజర్‌లో, బెల్టు జామ్ అయినప్పుడు ఏం జరుగుతుందో దగ్గర్నించి చూస్తే ఇదంతా అర్థమవుతుంది. లోపల మైనస్ 35 దగ్గర ఉంటుంది, బెల్టు ఆగిందంటే వెనక లైన్ మొత్తం ఆగినట్టే, బయట అందరూ అరుస్తుంటారు. ఆపరేటర్ మందం గ్లౌజులు వేసుకునే లోపలికి వెళ్తాడు. బెల్టు లింకుల మధ్య ఇరుక్కున్న ముక్క చిన్నది, మందం గ్లౌజు వేళ్ళకి దొరకదు. రెండు మూడు సార్లు ట్రై చేస్తాడు, తర్వాత కుడి చేతి గ్లౌజు తీసి చంకలో పెట్టుకుంటాడు. లోపల ఉన్నది పల్చటి నీలం నైట్రైల్ గ్లౌజు, రబ్బరులాంటిది, దాని లోపల అప్పటికే చెమట. ఆ వేళ్ళతో బెల్టు పట్టుకుని ముక్కని గిల్లి గిల్లి తీస్తాడు, ముక్క ఊడుద్ది, బెల్టు తిరుగుద్ది, అందరూ సంతోషం. ఇతను బయటికొచ్చి చెయ్యి విదిలించుకుని మళ్ళీ ప్యానెల్ దగ్గరికి వెళ్ళిపోతాడు. నేను ఒకతన్ని ఆపి చూశా, చూపుడు వేలు, మధ్య వేలు కొసలు మైనంలా తెల్లగా ఉన్నాయి, నొక్కితే గట్టిగా తగులుతున్నాయి. "నొప్పిగా ఉందా" అంటే "లేదన్నా, కొంచెం తిమ్మిరంతే" అన్నాడు. సాయంత్రానికి వేళ్ళు ఉబ్బి నిప్పుల్లో పెట్టినట్టు సలపడం మొదలైంది, మర్నాటికి బొబ్బలు. అప్పటికి షిఫ్ట్ మారింది, ఆ గాయం ఏ షిఫ్ట్‌దో తేల్చుకోవడానికే సగం రోజు పట్టింది.

అతను గ్లౌజు తీసింది నిర్లక్ష్యంతో కాదు. ఆ ముక్క తియ్యడానికి అతనికి మనం ఇచ్చిన పనిముట్టు వేళ్ళు తప్ప ఇంకోటి లేదు. పొడుగు పిడి ఉన్న ప్లాస్టిక్ కొక్కెం ఒకటి అక్కడ తగిలించి ఉంటే, ఫ్యాన్లు ఆపి లాక్ చేశాకే తలుపు తియ్యాలని రూల్ నిజంగా నడిచి ఉంటే, గ్లౌజు తియ్యాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఫ్యాన్ నడుస్తుండగా లోపలికి వెళ్తే గాలి వేగానికి ముక్కు, చెవులు, బుగ్గలు కూడా ఇలాగే తెల్లబడతాయి, అది ఎదుటివాళ్ళకే కనపడుతుంది, తనకి తెలీదు.

గ్లౌజుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా పరిశ్రమలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. హైజీన్ వాళ్ళకి ఊలు, దూది, పోగులు లేచే గుడ్డ ఏదీ ప్రొడక్ట్ దగ్గర ఉండకూడదు, ఉన్నది కడగడానికి వీలుగా ఉండాలి, తెగి పడితే కనపడేలా నీలం రంగులో ఉండాలి. అన్నీ న్యాయమైనవే. కానీ వాటన్నిటికీ సరిపోయే పల్చటి గ్లౌజు చలిని ఏమాత్రం ఆపదు, అది చేతి నుంచి ప్రొడక్ట్‌ని కాపాడుతుంది, ప్రొడక్ట్ నుంచి చేతిని కాదు. దానికి పరిష్కారం లోపల పొడి లైనర్, అంటే వెచ్చదనం కోసం వేసుకునే లోపలి గ్లౌజు, బయట నీళ్ళు దిగని పొర, చివర్లో కావాలంటే నైట్రైల్. లైనర్ తడిసిందంటే దాని పని అయిపోయినట్టే, బ్రేక్ బ్రేక్‌కీ పొడిది మార్చాలి, మార్చడానికి పొడివి అక్కడ ఉండాలి, స్టోర్ రూమ్ తాళం ఎవరి దగ్గరో ఉంటే కుదరదు. బిగుతుగా ఉండే సైజు వద్దు, రక్తం ఆడదు, లోపల గాలి పొర కూడా ఉండదు. కొనేటప్పుడు యూరోపియన్ స్టాండర్డ్ ఈఎన్ 511 గుర్తు చూడండి, మంచు పువ్వు బొమ్మ కింద మూడు అంకెలు ఉంటాయి, మొదటిది గాలి చలికి, రెండోది ముట్టుకునే చలికి, మూడోది నీళ్ళు దిగకుండా ఉంటుందా లేదా అనేది. మొదటి రెండూ 4 వరకు వెళ్తాయి, మూడోది 0 లేదా 1. ట్రేలు మోసేవాళ్ళకి కావాల్సింది రెండో అంకె, కానీ కొనుగోలు డిపార్ట్‌మెంట్ వాళ్ళు చూసేది ధర ఒక్కటే.

ఇప్పటిదాకా చెప్పింది ఫ్రీజర్ చలి. డ్రై ఐస్, లిక్విడ్ నైట్రోజన్, అమ్మోనియా వచ్చేసరికి లెక్క మారిపోతుంది. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78.5 డిగ్రీలు. మాంసం రుబ్బే మిక్సర్లలో వేడెక్కకుండా వేస్తారు, రవాణా పెట్టెల్లో వేస్తారు, బెల్టులు శుభ్రం చెయ్యడానికి దాని గుళికల్ని గాలితో కొడతారు. చూడ్డానికి పొడిగా, ఏ హానీ లేనట్టు ఉంటుంది, అందుకే కింద పడ్డ ముక్కని ఉత్త చేత్తో తీసి అవతల పారేస్తారు, గ్లౌజు మడతలోకి చిన్న గుళిక దూరితే అది అక్కడే మణికట్టుకి అంటుకుని కూర్చుంటుంది. స్కూపుతోనే తియ్యాలి, గ్లౌజు అంచు చొక్కా చేతి లోపలికి ఉండాలి. ఇంకోటి, ఒక కిలో డ్రై ఐస్ ఆవిరైతే సుమారు 500 లీటర్ల గ్యాస్ వస్తుంది, అది గాలికంటే బరువు కాబట్టి గుంటల్లో, కిందటి గదుల్లో నిలబడిపోతుంది. మూత బిగించిన డబ్బాలో పెడితే ఆ డబ్బా పేలుతుంది.

లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196. దీని గురించి ఒక చెడ్డ నమ్మకం ఉంది, చేతి మీద చుక్క పడితే ఏమీ కాదు, జారిపోతుంది అని, కొందరు వీడియోలు చూసి ట్రై కూడా చేస్తారు. కాలిన పెనం మీద నీటి చుక్క ఆవిరి పొర మీద తేలుతూ పరిగెత్తినట్టే, నైట్రోజన్ చుక్క కూడా మన చర్మం వేడికి ఒక్క క్షణం తేలుతుంది, ఆ క్షణం వరకే రక్షణ. అదే గుడ్డలోకి ఇంకితే, గ్లౌజులో, బూటులో పడి నిలబడితే పారిపోవడానికి దారి ఉండదు, లోతుగా కాలిపోతుంది. అందుకే క్రయో గ్లౌజులు, అంటే ఇంత చల్లటి లిక్విడ్ల కోసం చేసిన గ్లౌజులు, వదులుగా ఉండాలి, విదిలిస్తే ఊడి పడిపోవాలి, ప్యాంటు బూటు పైనుంచి బయటకి ఉండాలి, లోపలికి దోపుకోకూడదు, మొహానికి ఫేస్ షీల్డ్. ఆ గ్లౌజులు చిందినప్పుడు కాపాడతాయి గానీ లిక్విడ్‌లో ముంచడానికి కావు, ఈ తేడా ఎవరూ చెప్పరు.

దీంట్లో కాలడం కంటే పెద్ద ప్రమాదం ఊపిరాడకపోవడం, ఒక లీటరు లిక్విడ్ నైట్రోజన్ దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. 2021 జనవరి 28న అమెరికాలో జార్జియా రాష్ట్రం గెయిన్స్‌విల్‌లో ఒక చికెన్ ప్లాంట్‌లో నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించే ఫ్రీజర్ నుంచి లిక్విడ్ పొంగి గదిలోకి వచ్చేసింది, ఆరుగురు చనిపోయారు. లెవెల్ కొలిచే చిన్న గొట్టం ఒకటి వంగిపోయి ఉంది, దాంతో లెవెల్ ఎంతుందో మిషన్‌కి తెలీలేదు అని అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు తేల్చింది. లోపల ఏమైందో చూద్దామని, పడిపోయినవాళ్ళని లాగుదామని వెళ్ళినవాళ్ళు కూడా చనిపోయినవాళ్ళలో ఉన్నారు. నైట్రోజన్ లైన్ ఉన్న గదిలో ఆక్సిజన్ మీటరు, అలారం లేకపోతే ఆ గదిలో పని చెయ్యనని చెప్పడం తప్పు కాదు. నేనైతే నా మనుషుల్ని పంపను.

అమ్మోనియా మైనస్ 33 దగ్గర మరుగుతుంది, పెద్ద ఫ్రీజింగ్ ప్లాంట్లలో చాలా వరకు చల్లబరచడానికి పైపుల్లో అదే తిరుగుతుంది. లిక్విడ్‌గా మీద పడితే చలికి కాలుస్తుంది, తడి ఉన్న చోట క్షారంలా కూడా కాలుస్తుంది, రెండూ ఒకేసారి. దానికి ఒకటే మందు, ధారాళంగా నీళ్ళు, కనీసం 15 నిమిషాలు, కళ్ళయితే రెప్పలు తెరిచిపట్టి ఇంకా ఎక్కువసేపు, ఆ తర్వాత హాస్పిటల్. గడ్డకట్టి చర్మానికి అంటుకున్న బట్టని నీళ్ళు పోసి వదులయ్యాకే తియ్యాలి.

ఫ్రీజర్‌లో వేళ్ళు తెల్లబడితే ఏం చెయ్యాలి. ముందు చలిలోంచి బయటికి తేవాలి, తడి గ్లౌజు, ఉంగరం, వాచీ తీసెయ్యాలి, ఎందుకంటే తర్వాత ఉబ్బుతుంది, అప్పుడు ఉంగరం రాదు. రుద్దకూడదు, ఇది మనవాళ్ళకి చెప్పడం చాలా కష్టం, చల్లబడ్డ చెయ్యి కనపడగానే ఎదుటివాళ్ళు ప్రేమగా పట్టుకుని గట్టిగా రుద్దేస్తారు, లోపల మంచు స్ఫటికాలున్న కండని రుద్దితే ఇంకా పాడవుతుంది. హీటర్ ముందు పెట్టకూడదు, వేడి పైపుకి ఆనించకూడదు, స్పర్శ లేని చెయ్యి ఈసారి వేడికి కాలినా తెలీదు. 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళల్లో, థర్మామీటర్ పెట్టి చూసుకుంటూ, చల్లారితే వెచ్చటివి కలుపుతూ, చర్మం మెత్తబడి ఎర్రబడే దాకా ఉంచాలి, అరగంట దాకా పట్టొచ్చు. థర్మామీటర్ లేకపోతే బాగున్న మనిషి మోచేయి ముంచి హాయిగా ఉందో లేదో చూడాలి, దెబ్బ తగిలిన చేత్తో కాదు. కరిగేటప్పుడు నొప్పి భరించలేనంత వస్తుంది, నరం మళ్ళీ పనిలోకి వస్తోంది కాబట్టి, అప్పుడు కంగారుపడి చెయ్యి తీసెయ్యకూడదు. కరిగిన చెయ్యి మళ్ళీ గడ్డకట్టే అవకాశం ఉంటే మాత్రం ముందే కరిగించకూడదు, రెండోసారి గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ, అంటే వేళ్ళు వెచ్చబెట్టుకుని "బానే ఉంది" అని అదే షిఫ్ట్‌లో మళ్ళీ ఫ్రీజర్‌లోకి పంపడం ఘోరమైన పని. బొబ్బలు పగలగొట్టొద్దు, సిగరెట్ అస్సలొద్దు.

హాస్పిటల్‌కి త్వరగా ఎందుకు వెళ్ళాలంటే, గడ్డకట్టినప్పుడు జరిగిన నష్టం సగమే, కరిగి రక్తం తిరిగి వచ్చాక చిన్న రక్తనాళాల్లో రక్తం గడ్డలు కట్టి మిగతా సగం జరుగుతుంది. లోతైన దెబ్బకి ఆ గడ్డలు కరిగించే మందు మొదటి 24 గంటల్లో ఇస్తేనే ఉపయోగం, ఇలోప్రోస్ట్ అనే ఇంకో మందుని అమెరికాలో 2024లో తీవ్రమైన ఫ్రాస్ట్‌బైట్‌కి, అంటే ఇలా కండ గడ్డకట్టే చలి దెబ్బకి, ఒప్పుకున్నారు. తేట నీటి బొబ్బలైతే కొంచెం నయం, రక్తం నిండిన బొబ్బలైతే లోతుగా వెళ్ళిందని గుర్తు. నల్లబడ్డ వేలు చూసి వెంటనే తీసెయ్యరు, ఏ భాగం బతుకుతుందో తేలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు ఆగుతారు. ఆ ఆగే కాలంలో మనిషికి జీతం, పని ఏమవుతాయన్నది ప్లాంట్ ముందే తేల్చుకుని ఉండాలి.

మా సెక్షన్‌లో ఇప్పుడు చేసేది చెప్తాను, పెద్ద ఖర్చేం లేదు. బ్రేక్‌కి బయటికొచ్చిన ప్రతివాళ్ళూ గ్లౌజులు తీసి బొటనవేలితో చిటికెన వేలు తాకి చూపించాలి, తాకలేకపోతే మళ్ళీ లోపలికి లేదు, వెచ్చబడ్డాకే. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో వేలి కొస చూసి ప్రొడక్ట్ టెంపరేచర్ రాసే అదే షీట్‌లో పక్కన గడిలో రాస్తాం. తెల్లబడ్డ వేలు ఒక్కటి కనపడినా, నొప్పి ఉన్నా లేకపోయినా, అది గాయం కిందే రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. మొదట్లో "వేలు తెల్లబడితే కూడా రాస్తారా" అని గొణిగారు, తర్వాత వాళ్ళే ఒకరి చెవులు ఒకరు చూసుకోవడం మొదలెట్టారు.

ఒకసారి గట్టిగా దెబ్బతిన్న వేళ్ళు మానాక కూడా చలికి ఓర్చుకోలేవు, ఏళ్ళ తరబడి చిన్న చల్లదనానికే తెల్లబడి సలుపుతాయి, కొందరికి శాశ్వతంగా. పైకి చర్మం మామూలుగా ఉంటుంది కాబట్టి డాక్టర్ ఫిట్ అని రాస్తాడు, సూపర్‌వైజర్ పాత స్టేషన్‌లోనే వేస్తాడు. ఆ మనిషి తనంతట తాను "నాకు ఫ్రీజర్ వద్దు" అని అడగలేడు, అడిగితే పని తప్పించుకుంటున్నాడంటారని భయం. బెల్టు జామ్ రోజు నేను ఆపి చూసిన అతన్ని ప్యాకింగ్ వైపు మార్పించడానికి హెచ్‌ఆర్ చుట్టూ చాలానే తిరిగాను, చివరికి మార్చారు, జీతం తగ్గకుండా.